పీచు తొడుగులు

మా నాన్న పెళ్ళిళ్ళకి వంటలు చేసేవాడు. ఈ వాక్యం ఇప్పుడు ఇంత తేలిగ్గా రాసేశాను గాని, డిగ్రీ చదివే రోజుల్లో ఇది నా నోట్లోంచి వచ్చేది కాదు. నారాయణగూడలో మా కాలేజీలో ఎవరైనా అడిగితే "కేటరింగ్" అనేవాణ్ణి. తొంభైల మొదట్లో ఆ మాట అప్పుడప్పుడే ఊళ్ళోకి దిగింది. విన్నవాళ్ళ కళ్ళ ముందు తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, టై కట్టుకున్న కుర్రాళ్ళు మెదిలేవాళ్ళు. మా నాన్నేమో పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, భుజాన తువ్వాలేసుకుని, పొయ్యి ముందు చెమటలు కక్కుతూ ఉండేవాడు. ఆ తేడా బయటపడకుండా కాపాడుకోవడంలోనే నా చదువు సగం గడిచింది.

మేం చిక్కడపల్లిలో ఒక సందు చివర రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నాన్నది గోదావరి వైపు. ఎప్పుడో వచ్చి అశోక్ నగర్‌లోనూ నల్లకుంటలోనూ ఇళ్ళు కట్టుకున్న కోస్తా కుటుంబాల వాళ్ళే ఆయన్ని ఎక్కువగా పిలిచేవాళ్ళు. అప్పటికే బఫేలు మొదలయ్యాయి. వీళ్ళు మాత్రం కింద చాపల మీద బారుగా కూర్చుని విస్తట్లో తినాల్సిందే. వీళ్ళకి పట్టింపులు ఎక్కువ. వండేవాడు తెల్లారకుండా తలస్నానం చెయ్యాలి. ఉప్పు చూడకూడదు, వాసనతోనే తెలుసుకోవాలి. వంటశాలలో గాని, విస్తళ్ళ మధ్య గాని కాలికి ఏమీ ఉండకూడదు. ఇన్ని పట్టింపులున్న మనుషులకి నేల ఎలా ఉందన్నది మాత్రం పట్టేది కాదు.

ఆ నేల గురించి చెప్పాలి. అప్పట్లో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాళ్ళన్నిటికీ మొజాయిక్ వేయించి, మొహం కనపడేదాకా పాలిష్ పట్టించేవాళ్ళు. దాని మీద గంజి పడుతుంది, మజ్జిగ పడుతుంది, నెయ్యి పడుతుంది. అన్నిటికన్నా భయపెట్టేది ఐసు. మంచినీళ్ళ డ్రమ్ముల్లో వెయ్యడానికీ, ఐస్‌క్రీం డబ్బాల చుట్టూ కూరడానికీ పెద్ద పెద్ద ఐసుగడ్డలు ఊకలో చుట్టి రిక్షాలో దింపేవాళ్ళు. గోనెపట్టా కప్పి సుత్తితో కొడుతుంటే ముక్కలు ఎగిరి ఎక్కడెక్కడో పడేవి. నీళ్ళలో కలిసిపోయి కంటికి కనపడేవి కావు. మంచు పడే దేశాల్లో జనం చలికాలం వస్తే నేలని పట్టుకునే బూట్లు కొనుక్కుంటారని ఎక్కడో చదివాను. మాకు మంచు లేదు. ఐసు మాత్రం ఉంది. బూట్లు వేసుకునే వీల్లేదు.

నేను డిగ్రీలో చేరిన ఏడాదే నాన్న అలాంటి ముక్క మీద కాలేశాడు. ఇంకొకాయనతో కలిసి మరిగే పులుసు గిన్నె మోసుకుని వంటశాల గడప దాటుతున్నాడు. కాలు ముందుకి పోయింది, కుడి మోకాలు మొజాయిక్‌కి కొట్టుకుంది, పులుసు ముంజేతి మీద పడింది. చెయ్యి మానింది. మోకాలు మానలేదు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకునేవాడు. "ఇంకోసారి దీని మీద పడితే మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడడం ఉండదు. అడుగున గాట్లున్న రబ్బరు చెప్పులు వేసుకోండి, పని దగ్గర కూడా" అన్నాడు ఎముకల డాక్టరు. నాన్న బుద్ధిగా తలూపి బయటికొచ్చి, "చెప్పులేసుకుని వండితే ఎవరు తింటార్రా?" అన్నాడు నాతో. ఆయన నిలబడితేనే మా ఇల్లు నడిచేది.

అమ్మ ఊరుకునే రకం కాదు. ముందు నా పాత మేజోళ్ళు ఆయన కాళ్ళకి తొడిగి, కుళాయి దగ్గర షాబాద్ బండల మీద నీళ్ళు పోసి నడవమంది. తడిబండ మీద మేజోళ్ళంత ద్రోహం ఇంకేదీ చెయ్యదని అప్పుడు తెలిసింది. గోడ అందకపోతే రెండో మోకాలు కూడా పోయేది. తర్వాత గోనెపట్టాతో సంచుల్లా కుట్టింది. పొడిగా ఉన్నంతసేపు అవి బాగానే పట్టాయి. తడిసి, కాస్త గంజి అంటుకునేసరికి నున్నగా తయారయ్యాయి. అప్పుడు రాంనగర్ వెళ్ళి కొబ్బరిపీచు తాడు తెచ్చింది. పాత పంచెగుడ్డ నాలుగు మడతలేసి, దాని అడుగున తాడుని మడమ నుంచి వేళ్ళ దాకా నిలువు వరసలుగా కుట్టింది. నిలబడితే ఆగింది గాని, అడుగు వేస్తే వరస వెంబడే ముందుకి పోయింది. విసుక్కోకుండా అంతా విప్పేసింది. ఈసారి అడ్డంగా కుట్టింది, వరసకీ వరసకీ మధ్య వేలు దూరేంత సందు వదిలి. నీళ్ళు ఆ సందుల్లోంచి పోయేవి. పీచు నేలని గీరుకుంటూ పట్టుకునేది.

అంతటితో ఆగలేదు. నా చేత ఐసు తెప్పించి, కొట్టించి, బండల మీద పరిపించింది. నాన్న నీళ్ళబిందె ఎత్తుకుని దాని మీద అటూ ఇటూ నడిచాడు. వాటాల వాళ్ళందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. నేను తలుపు చాటున ఉన్నాను. నాన్న జారలేదు. పడిన తర్వాత ఆయన నవ్వగా చూడడం అదే మొదలు.

"తోలు లేదు, రబ్బరు లేదు. దేవుడికి కొట్టే కాయ పీచే కదండీ. దీనికి మైలేమిటి?" అంది అమ్మ.

నాన్నకి ఆ మాట బాగా నచ్చింది. ఎవరైనా అడిగితే అదే చెబుదామనుకున్నాడు. నాకు మాత్రం ఆ తొడుగులు చూస్తేనే మొహం ఎర్రబడేది. బొద్దుగా, మట్టిరంగులో, చీలమండ దగ్గర లంగా నాడాతో ముడి. నడుస్తుంటే గరగరమని చప్పుడు. అమ్మ నాకూ ఒక జత కుట్టింది, సెలవు రోజుల్లో నేను వడ్డనకి వెళ్ళేవాణ్ణి కాబట్టి. వద్దనడానికి నోరు రాలేదు. హాల్లోకి వెళ్ళే ముందు పంచె కాస్త కిందికి జార్చి కట్టుకునేవాణ్ణి. అయినా వేళ్ళ దగ్గర పీచు కనపడుతూనే ఉండేది.

మాఘమాసంలో అశోక్ నగర్‌లో ఒక పెళ్ళి వచ్చింది. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. ఐసు బాగానే దింపారు. నేను సాంబారు బకెట్టు పట్టుకుని వంటశాలలోంచి హాల్లోకి వస్తుంటే ఎదురుగా మా క్లాసువాడు నిలబడి ఉన్నాడు. నా వెనక బెంచీవాడే. పెళ్ళికూతురి వాళ్ళింటి పక్కిల్లట.

"ఏందిరా, నువ్విక్కడున్నవేంది?" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. తర్వాత బకెట్టు చూశాడు. తర్వాత కాళ్ళు చూశాడు. "ఇవేందిర కాళ్ళకు? ఎలుగుబంటి లెక్క ఉన్నవ్."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. మనసులో మాత్రం భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. కేటరింగ్ అన్న మాట ఆ బకెట్టులో మునిగిపోయింది. "జారకుండా ఉంటుందిరా" అన్నాను. వాడు "అట్లనా" అని వెళ్ళి బంతిలో కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కోపం తెచ్చుకునేవాణ్ణి, కాస్త తెరిపిగా ఉండేది.

నాన్నకి ఒక అలవాటు ఉండేది. ఎంతమంది వడ్డించేవాళ్ళున్నా నెయ్యి తనే వడ్డించేవాడు. నేతిగిన్నె పట్టుకుని ప్రతి విస్తరి ముందూ ఆగి, వంగి, "పప్పులో ఇంకాస్త వెయ్యనాండీ? పచ్చడిలో కలిపారా?" అని అడిగేవాడు. ఎవరు ఏది వదిలేస్తున్నారో, ఎవరు మళ్ళీ అడగడానికి మొహమాటపడుతున్నారో ఆ నడకలోనే చూసుకునేవాడు. తినేవాళ్ళ మొహం చూడకపోతే ఇక వండడం దేనికి అనేవాడు. మళ్ళీ పెళ్ళి కుదిరితే ఆ మొహమే గుర్తుపెట్టుకుని మా సందు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆ రోజు రెండో వరస మధ్యకి వచ్చేసరికి ఒక పెద్దాయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. పెళ్ళికూతురి పెదనాన్న. పట్టుపంచె, మెళ్ళో రుద్రాక్షలు.

"ఏమయ్యా, చెప్పులేసుకుని విస్తళ్ళ మధ్య తిరుగుతున్నావా?"

చుట్టుపక్కల చేతులు ఆగిపోయాయి. పంక్తిలో ఒకరు లేస్తే అందరూ లేచినట్టే. లేచారంటే పెళ్ళి భోజనం చెడగొట్టిన వంటవాడన్న పేరు ఆ సాయంత్రానికే అశోక్ నగర్ అంతా పాకుతుంది.

"చెప్పులు కావండి బాబూ. కొబ్బరిపీచు" అన్నాడు నాన్న. "మోకాలు దెబ్బతిందండి, పడతానని మా ఆవిడ కుట్టింది. తోలు లేదండి, రబ్బరూ లేదు."

"ఏదైతేనేం, కాలికి తొడుక్కున్నావా లేదా?"

అప్పుడు నాన్న చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. బకెట్టు దింపి పక్కకొచ్చిన నా చేతికి ఆయన నేతిగిన్నె ఇచ్చాడు. స్తంభం పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు పైకెత్తి అడుగుభాగం ఆ పెద్దాయనకి చూపించాడు. పీచు చూపిస్తే నమ్ముతాడనుకున్నాడు. అంతే. కూర్చున్నవాళ్ళ మొహాలకి ఎదురుగా, అన్నం ముందు, కాలెత్తి అరికాలు చూపిస్తున్నానన్న సంగతి ఆయనకి తట్టనే లేదు. ఆ తాడు వరసల మధ్య మెతుకులూ కరివేపాకూ ఇరుక్కుని ఉన్నాయి.

"ఛీ ఛీ, దించవయ్యా కాలు" అని ఎవరో అన్నారు. ఒకావిడ మొహం పక్కకి తిప్పుకుంది. ఆ చివర కుర్రాళ్ళ మధ్య నవ్వు వినపడింది. మా క్లాసువాడు నవ్వాడో లేదో నేను చూడలేదు. చూసే ధైర్యం లేదు. తల కొట్టేసినట్టు నిలబడ్డాను, నేతిగిన్నె పట్టుకుని.

నాన్నకి అప్పుడు అర్థమైంది. కాలు దించి, గబగబా వంగి నాడాలు విప్పబోయాడు. చేతికి నెయ్యి అంటుకుని ముడి రాలేదు. నేను గిన్నె కింద పెట్టి విప్పాను. నావీ విప్పేశాను. "తప్పైపోయిందండి, మీరు కానివ్వండి" అని నాన్న అందరికీ వినపడేలా చెప్పాడు. పెద్దాయన కాసేపు చూసి, ముద్ద ఎత్తాడు. చేతులన్నీ మళ్ళీ కదిలాయి.

నేను తొడుగులు తీసుకెళ్ళి వంటశాలలో పడేసి వచ్చేసరికి నాన్న నేతిగిన్నె పట్టుకుని ఒట్టి కాళ్ళతో మిగతా వరస మొదలుపెట్టబోతున్నాడు. మానెయ్యొచ్చు కదా అని నాకు ఒళ్ళు మండింది. కానీ సగం వరసకి నెయ్యి వేసి సగం వరసకి ఆపేయడం పంక్తికి అవమానం. అది నాకూ తెలుసు. వరస చివర మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఎవరో ఐసు నింపుతున్నారు. పిల్లలు ముక్కలు తీసుకుని కాళ్ళతో తన్నుకుంటూ ఆడుతున్నారు. నాన్న నడవాల్సిన దారంతా నీళ్ళు మెరుస్తున్నాయి. ఆయన మొదటి అడుగు వేసి ఆగాడు. బొటనవేలు నేలకి నొక్కి చూసుకుంటున్నాడు. పెదాలు బిగించి ఉన్నాయి. ఆయన భయపడుతున్నాడని నాకొక్కడికే తెలుసు.

ఆ నీళ్ళు తుడవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాను. వంటశాల గుమ్మం దగ్గర గిన్నెలు తోమే అక్క నిలబడి చూస్తోంది. పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉండేది. నేనేం వెతుకుతున్నానో కనిపెట్టినట్టుంది.

"గీ బట్ట తీస్కో తమ్మి, జర పొడిగున్నది" అంది.

నేను నేల మీద మోకరిల్లాను. నాన్నకి ఎదురుగా, ఆయన పాదాల ముందు, వెనక్కి పాక్కుంటూ తుడవడం మొదలుపెట్టాను. నేను తుడిచినంత మేర ఆయన అడుగేసేవాడు. ఆగి, వంగి, "పప్పులో ఇంకాస్త వెయ్యనాండీ?" అనేవాడు. ఆ గొంతు మామూలుగానే ఉంది. నేను తల ఎత్తలేదు. నాకు విస్తళ్ళ అంచులు, మడిచిన మోకాళ్ళు, పట్టుచీరల కుచ్చిళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఐసుముక్క దొరికితే ఏరి బట్టలో వేసుకుంటున్నాను. చేతులు కొంకర్లు పోతున్నాయి. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

వరస చివర్లో ఒక ప్యాంటు మోకాలు పక్కకి జరిగింది. నాకు చోటిస్తూ కాస్త ముడుచుకుంది, ఇంట్లో పనిమనిషి తుడుచుకుంటూ వస్తే కూర్చున్నచోటే మనం కాళ్ళు ముడుచుకున్నట్టు. అది మా క్లాసువాడి మోకాలు. నేను ఆ చోటు కూడా తుడిచాను. నాన్న ఆ విస్తరి దగ్గర ఆగి, "నెయ్యి వెయ్యనా బాబూ?" అని అడిగాడు. "చాలండి" అన్నాడు వాడు, ఎప్పుడూ వాడని మర్యాదతో.

నాన్న పడలేదు. వరస మొత్తం నడిచాడు.

సాయంత్రం గిన్నెలన్నీ ఆటో ట్రాలీలో వేసుకుని చిక్కడపల్లి వచ్చాం. నాన్న కాళ్ళు కడుక్కుని, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ మోకాలికి ఆముదం రాస్తూ ఏం జరిగిందని అడిగింది. ఆయన తొడుగుల సంగతి చెప్పలేదు, పెద్దాయన సంగతీ చెప్పలేదు.

"వీడి చేత నేల తుడిపించానే, వాడి స్నేహితుడి కాళ్ళ దగ్గర" అన్నాడు.

నేను లోపలి గదిలో ఉన్నాను. ఆయనకి అంతా తెలుసని అప్పుడర్థమైంది. నేను పంచె కిందికి జార్చి కట్టుకోవడం, తలుపు చాటున నిలబడడం, కాలేజీలో ఏం చెప్పుకుంటున్నానో కూడా తెలిసే ఉంటుంది. పొద్దుటి నుంచీ నేను నా సిగ్గు ఒక్కటే మోస్తున్నాననుకున్నాను. ఆయనా ఒకటి మోస్తున్నాడు, అది నా వల్ల కాదు, నా కోసం.

ఆ తర్వాత నాన్న నేతిగిన్నె పట్టుకోలేదు. ఎవరో ఒక వడ్డించే కుర్రాడి చేతికిచ్చి, "నువ్వెళ్ళు, ఇక్కడ కూర అడుగంటుతుంది" అనేవాడు. పీచు తొడుగులు వేసుకుని వంటశాలలోనే ఉండిపోయేవాడు. అక్కడెవరూ చూడరు, చూసినా అనరు. మోకాలు అలా నిలబడింది, పని నిలబడింది. అమ్మకి మనశ్శాంతి. నేను హాల్లోంచి లోపలికి వచ్చినప్పుడల్లా, "ఏమంటున్నారు? చారు బావుందంటున్నారా? ముసలాళ్ళు తింటున్నారా?" అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. నేను చెప్పేది ఆయనకి సరిపోయేది కాదు. గడప దగ్గరికొచ్చి, తలుపు పక్కన నిలబడి కాసేపు తొంగి చూసి వెళ్ళేవాడు.

వైశాఖంలో నారాయణగూడలో ఒక పెళ్ళి. ఎండలు మండిపోతున్నాయి, ఎక్కడ చూసినా ఐసే. భోజనాలయ్యాక పెళ్ళికూతురి తండ్రి చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను పట్టుకున్నాడు. "ఆ గుమ్మడికాయ పులుసు చేసినాయన ఎవరు బాబూ? మా అమ్మ చేతి పులుసు తిన్నట్టుంది. ఒకసారి ఇటు పిలువు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఎవరో లోపలికెళ్ళి శాలువా తెచ్చారు. వియ్యాలవారు కూడా లేచి నిలబడ్డారు. ఫొటోలు తీసే అతన్ని కూడా పిలిచారు.

నేను పరిగెత్తినట్టే వంటశాలకి వెళ్ళాను. "శాలువా కప్పుతారట నాన్నా. అందరూ నీ కోసం నిలబడి ఉన్నారు, రా" అన్నాను.

నాన్న పొయ్యి దగ్గర పీట మీంచి లేచాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పంచె దింపి సరిచేసుకున్నాడు. గడప దాకా వచ్చాడు. వంటశాల గరుకుబండలు అక్కడితో అయిపోతాయి, అవతల నున్నటి మొజాయిక్, దాని మీద కరిగిన ఐసు. హాల్లో శాలువా విప్పి పట్టుకుని నిలబడ్డ మనిషి అక్కడి నుంచి కనపడుతున్నాడు. నాన్న ఆయన్ని చూశాడు. తర్వాత తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

నేను వంగి నాడా ముడి మీద చెయ్యి వేశాను. "విప్పుతాను. ముందు నేను తుడుస్తూ వెళ్తాను, నువ్వు నా వెనకే రా" అన్నాను. ఈసారి ఎవరు చూసినా ఫరవాలేదనే అన్నాను.

ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దురా. కాళ్ళకి చెప్పులున్నాయి, రాలేడని చెప్పు" అన్నాడు.

వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. అడుగు జారకుండా, జాగ్రత్తగా, గరగరమని చప్పుడు చేసుకుంటూ.

నేను హాల్లోకి వచ్చాను. వాళ్ళు నా వెనక్కి చూస్తున్నారు. "వంటాయన ఏడీ?" అని అడిగారు.

"మా నాన్నకి జ్వరంగా ఉందండి" అన్నాను.